నాన్నగారి లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారు నాలుగు నెలల క్రితం కాలం చేశారు. ఆయన పేరు మీద లైసెన్సు ఉన్న 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, పాయింట్ 32 రివాల్వర్ పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊరి ఇంట్లో బీరువాలో ఉన్నాయి. అక్కడ అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నాను, తమ్ముడు అమెరికాలో ఉంటాడు. సంవత్సరీకం అయ్యేదాకా వాటిని కదపొద్దని, ఎవరూ అడగరని బాబాయి అంటున్నారు. తెలిసినవాళ్లకి స్టాంపు పేపర్ మీద రాసిచ్చి అమ్మేయమని తమ్ముడు అంటున్నాడు. తోటలో పందుల బెడద ఉంది కాబట్టి ఉంచుకోమని తోట చూసుకునే ఆయన సలహా. ఇవి చాలవన్నట్టు, ఇల్లు సర్దుతుంటే అటక మీద తాతగారి కాలం నాటు తుపాకీ ఒకటి దొరికింది. అది లైసెన్సులో లేదు. డబుల్ బ్యారెల్ మాత్రం నాన్నగారి గుర్తుగా నా పేరు మీదకి మార్చుకోవాలని ఉంది. పెళ్లైన కూతురికి ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పొలం, బంగారం, బ్యాంకు డిపాజిట్ మీ ముగ్గురికీ ఎలా వస్తాయో తుపాకీ అలా రాదండి. దాని విలువ మీద హక్కు వారసులకి వస్తుంది. దగ్గర పెట్టుకునే అనుమతి మాత్రం నాన్నగారితోనే పోయింది. లైసెన్సు పుస్తకం మీద ఇంకా రెండేళ్ల గడువు కనిపిస్తున్నా సరే, అది ఆయన ఒక్కరికి ఇచ్చినది. అంటే ఈ రోజున ఆ బీరువాలో ఉన్నవి లెక్క ప్రకారం లైసెన్సు లేని ఆయుధాలు, అవి ఉన్నది మీ అమ్మగారి స్వాధీనంలో. బాబాయిగారి సలహాలో చిక్కు ఇక్కడే ఉంది. అడిగేవాళ్లు లేరన్నది నిజమే కావచ్చు. అడిగిన రోజున జవాబు చెప్పాల్సింది మాత్రం ఆయన కాదు, మీ అమ్మగారు.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు ఉండాలి. లేకుండా ఉంచుకుంటే సెక్షన్ 25 కింద శిక్ష. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు, దాంతోపాటు జరిమానా ఉన్నాయి. అంతకుముందు ఇది ఏడాది నుంచి మూడేళ్లే. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే చట్టం మీలాంటి వాళ్లకి దారి కూడా చూపించింది. సెక్షన్ 21 ఏమంటుందంటే, లైసెన్సు గడువు తీరడం వల్లగానీ మరే కారణం వల్లగానీ ఆయుధం దగ్గర ఉండటం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరగానీ జమ చేయాలి. ఇన్ని రోజుల్లోపు అని అంకె లేదు. కర్మకాండలు, తమ్ముడి రాకపోకలు, పత్రాలు దొరక్కపోవడం వంటివి నాలుగు నెలల ఆలస్యానికి చెప్పుకోదగ్గ కారణాలే. ఏడాది దాటాక అవే కారణాలు సాకుల్లా వినిపిస్తాయి. ఇంకో ఊరట కూడా ఉంది. సెక్షన్ 3 ఉల్లంఘన మీద కోర్టులో కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం ముందు జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. తనంతట తాను వచ్చి అప్పగించిన కుటుంబం మీద ఆ అనుమతి అడగడానికి పెద్దగా కారణం ఉండదు.

కాబట్టి వరస ఇది: ముందు జమ చేయండి, ఎవరి పేరు మీదకి అన్నది తర్వాత. చాలా కుటుంబాలు దీన్ని తిరగేసి చేస్తాయి. లైసెన్సు మారేదాకా తుపాకీ ఇంట్లోనే ఉంచి, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉంటాయి. దరఖాస్తు పరిశీలనలో పోలీసులు మొదట అడిగేది ఆయుధం ఇప్పుడు ఎక్కడుందనే. రసీదు చూపిస్తే మాట ముందుకు సాగుతుంది. బీరువాలో ఉందంటే దరఖాస్తుదారే చట్టం తప్పినట్టు కాగితం మీదకి ఎక్కుతుంది.

ఇక బీరువా సంగతి. రెండూ లోడ్ చేసి ఉన్నాయనే అనుకోండి, ముఖ్యంగా రివాల్వర్. ఆత్మరక్షణకి ఉంచుకునేవాళ్లు దాన్ని ఖాళీగా పెట్టుకోవడం అరుదు. తాళంచెవి అమ్మగారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేకుండా చూడండి. సెలవలకి పిల్లలు వస్తుంటే ఈ పని ఆ లోపే కావాలి. మీకు తుపాకీ అలవాటు లేకపోతే అసలు ముట్టుకోకండి, స్టేషన్ నుంచి వచ్చినవాళ్లే ఖాళీ చేస్తారు. అలవాటున్న మనిషే చూసినా డబుల్ బ్యారెల్‌కి పద్ధతి ఇదే: గొట్టాల కొస మనుషుల వైపు, పక్క గది గోడ వైపు కాకుండా నేల వైపు ఉండాలి. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. పైనున్న మీటని బొటనవేలితో పక్కకి నెట్టితే గొట్టాలు కిందకి మడుచుకుంటాయి. అప్పుడు తూటా కూర్చునే రెండు గదుల్లోకీ, అంటే రెండు గొట్టాల వెనక భాగంలోకీ, చూడాలి. తూటా ఉంటే ఇత్తడి అడుగు గుండ్రంగా మెరుస్తూ కనిపిస్తుంది, లేకపోతే గొట్టం అవతలి వెలుగు కనిపిస్తుంది. ఒక గది ఖాళీగా ఉందని రెండోది చూడకుండా మూసేయడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి.

అట్టతో చేసిన పాత తూటాలైతే ఇంకో పేచీ ఉంది. చెమ్మకి అట్ట ఉబ్బి గదిలో బిగుసుకుపోతుంది. మడత విప్పినా బయటికి రాదు. గొట్టం కొస నుంచి కర్రో ఊచో పెట్టి పొడవాలని చూస్తారు. ఆ పని చేసేవాడి చెయ్యి, ముఖం సరిగ్గా గొట్టం ఎదురుగా ఉంటాయి. అలా ఇరుక్కుంటే గొట్టాలు మడిచి ఉన్నట్టే వదిలేసి, ఆ విషయం స్టేషన్‌లో చెప్పండి. మీట గట్టిగా ఉంటే సుత్తి పెట్టొద్దు. ఏళ్ల తరబడి వాడనప్పుడు లోపలి గ్రీజు గట్టిపడి అలా అవుతుంది, డీలర్ దగ్గర విప్పితే వచ్చేస్తుంది. రివాల్వర్లలో కొన్ని నడుమ దగ్గర మడుచుకుని తెరుచుకుంటాయి, కొన్నిటికి సిలిండర్ పక్కకి వస్తుంది. ఏది ఏ రకమో తెలియకపోతే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మిగిలిన తూటాలని కాలువలో పడేయడం, పొయ్యిలో వేయడం, చెత్తలో కలపడం, ఏదీ చేయొద్దు. అవి కూడా లైసెన్సు లెక్కలోవే, తుపాకీతోపాటే జమ అవుతాయి.

తర్వాత నాన్నగారి లైసెన్సు పుస్తకం తీసి ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. అందులో చూడాల్సినవి: యూఐఎన్ అనే విశిష్ట సంఖ్య, ఇచ్చిన అధికారి, చెల్లుబాటు తేదీ, ఏ ప్రాంతానికి చెల్లుతుందో, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, కొన్న తూటాల నమోదులు. అన్నిటికంటే ముఖ్యం ఆయుధం నంబరు. తుపాకీ ఖాళీ అని తేలాకే, డబుల్ బ్యారెల్‌కైతే మడత దగ్గర గొట్టాల అడుగున చెక్కిన నంబరు చూసి పుస్తకంలోని దాంతో అంకె అంకె పోల్చాలి. పాత చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 3 కాస్తా 8 అయిపోవడం, ముందున్న ఇంగ్లిష్ అక్షరం ఎగిరిపోవడం మామూలే. నాన్నగారు ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం పరిశీలించే అధికారి చేతిలో ఉన్న తుపాకీ, రికార్డులో ఉన్న తుపాకీ ఒకటేనా అని అక్కడే ఆగిపోతాడు. తేడా కనిపిస్తే మీరే మొదటి ఉత్తరంలో రాసేయండి. వాళ్లు కనిపెట్టాక చెప్పడం వేరు, మీరు ముందే చెప్పడం వేరు. యూఐఎన్ లేకపోతే ఆ లైసెన్సు ఆయన బతికుండగానే చెల్లకుండా పోయి ఉంటుంది. అప్పుడు జమ చేయడం ఇంకా తొందరగా జరగాలి.

ఉత్తరం ఊరి పరిధిలోని స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరున అమ్మగారి సంతకంతో ఉండాలి, ఎందుకంటే ఆయుధాలు ఉన్నది ఆవిడ దగ్గర. పెద్దగా రాయక్కర్లేదు. ఇలా సరిపోతుంది: "నా భర్త ఫలానా వారు ఫలానా తేదీన మరణించారు. వారి పేరు మీద ఫలానా నంబరు ఆయుధ లైసెన్సు ఉంది. అందులోని 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ (నంబరు), పాయింట్ 32 రివాల్వర్ (నంబరు), ఇన్ని తూటాలు మా ఇంట్లో తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. వీటిని సెక్షన్ 21 ప్రకారం భద్రత కోసం జమ చేయదలచుకున్నాను. మాలో ఎవరికీ ఆయుధాలు వాడే అలవాటు లేదు కాబట్టి సిబ్బందిని పంపి స్వాధీనం చేసుకోగలరు. ఆలస్యానికి కారణం ఇది. వారసుల పేరు మీద లైసెన్సు కోరే హక్కును వదులుకోవడం లేదు." ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. అది లేకపోతే అప్పగింతని ప్రభుత్వానికి శాశ్వతంగా ఇచ్చేసినట్టు రాసుకునే అవకాశం ఉంది. మరణ ధృవీకరణ పత్రం, లైసెన్సు నకలు జతచేసి, రెండో ప్రతి మీద తేదీతో స్టేషన్ ముద్ర వేయించుకోండి. లైసెన్సు ఇచ్చిన కలెక్టరేట్‌కి ఇంకో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి.

సిబ్బందిని పంపమని అడగడంలో చిన్న మెలిక ఉంది. లైసెన్సుదారు రాతపూర్వక అనుమతితో ఇంకొకరు తుపాకీని మరమ్మతుకో రెన్యువల్‌కో తీసుకెళ్లవచ్చని సెక్షన్ 3లోనే ఒక మినహాయింపు ఉంది. నాన్నగారు పోవడంతో అదీ పోయింది. అందుకని మీ ఆయనో బాబాయో కారు డిక్కీలో వేసుకుని బయల్దేరడం మంచిది కాదు. సిబ్బంది రాలేమంటే, ఉత్తరం అందినట్టు ముద్ర పడ్డాక, ఏ రోజు ఎన్నింటికి తెస్తున్నారో చెప్పి, తుపాకీ ఒక కవర్లో, తూటాలు వేరే సంచిలో పెట్టి, ఆ ముద్ర ఉన్న ప్రతి, లైసెన్సు పుస్తకం దగ్గర ఉంచుకుని నేరుగా స్టేషన్‌కే వెళ్లాలి. మధ్యలో ఎక్కడా ఆగొద్దు. హైదరాబాద్‌కి తెచ్చి అక్కడ జమ చేద్దామన్న ఆలోచన అసలే వద్దు, రెండు రాష్ట్రాల మీదుగా లైసెన్సు లేని రవాణా అవుతుంది.

స్టేషనా, డీలరా అంటే, ఆరు నెలలకి మించి పడుతుందనిపిస్తే డీలరే మేలు. నెలకింత అని అద్దె తీసుకుంటాడు కానీ, తుడిచి నూనె రాసి ఉంచుతాడు. స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే జమ చేసిన సామాను దాచే గదిలో, వరుసగా నిలబెట్టిన తుపాకులకి ఒక్క వర్షాకాలం చాలు, గొట్టం లోపల తుప్పు చుక్కలు పడటానికి. తోలు సంచితో సహా ఇవ్వొద్దు, తోలు చెమ్మని పీల్చుకుని తుపాకీకి అంటిస్తుంది. ఎక్కడ ఇచ్చినా రసీదు మీద ఆయుధం రకం, నంబరు, తూటాల సంఖ్య, జమ చేసినవారి పేరు, తేదీ, ఎప్పటిదాకా ఉంచుతారో ఉండాలి. ఆ చివరి తేదీని క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. నిర్ణీత గడువులోగా తిరిగి తీసుకోకపోయినా, అమ్మకపోయినా సెక్షన్ 21 ప్రకారం ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. దరఖాస్తు నడుస్తోందని ఒక కాగితం ఇచ్చి గడువు పెంచమని ముందే అడగాలి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. కూతురికి ఇస్తారు. పెళ్లయిందా లేదా అన్నది అడ్డంకి కాదు. 2016 ఆయుధ నిబంధనల్లో 25వది వారసులకి లైసెన్సు గురించే. లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుల్లో ఒకరికి, అర్హతలు ఉండి, పోలీసు నివేదికలో వ్యతిరేకంగా ఏమీ లేకపోతే లైసెన్సు ఇవ్వవచ్చు. కొత్తగా అడిగేవాళ్లు ప్రాణహాని ఉందనో మరొకటో అవసరం చూపించాలి. వారసుల విషయంలో ఆ పట్టు సడలించారు. అయినా అది "ఇవ్వవచ్చు"నే, "ఇచ్చి తీరాలి" కాదు. మన దేశంలో తుపాకీ పౌరుడి హక్కు కాదు, షరతుల మీద ఇచ్చే అనుమతి. అమెరికాలో 1791 నాటి రెండో సవరణ నుంచి పుట్టిన వాదనలు మీ తమ్ముడు అక్కడ రోజూ వింటూ ఉండొచ్చు, ఇక్కడి కలెక్టరేట్‌లో అవి పనికిరావు.

రెండు ఆయుధాల్లో డబుల్ బ్యారెల్ రావడం తేలిక. రక్షణకో క్రీడకో వాడే, గొట్టం 20 అంగుళాలకి తగ్గని నునుపు గొట్టం తుపాకీకి చట్టమే సెక్షన్ 13లో మెరుగైన స్థానం ఇచ్చింది. మామూలు 12 బోర్ గొట్టాలు అంతకంటే పొడవే ఉంటాయి. ఎవరైనా వాటిని కోయించి కురచ చేయించి ఉంటే అది వేరే నేరం అవుతుంది, కాబట్టి కొలవండి. రివాల్వర్ విషయంలో అధికారులు గట్టిగా ఆలోచిస్తారు. పాయింట్ 32 కనుక నిషిద్ధ బోరు (మామూలు లైసెన్సు మీద ఇవ్వని కొలత) కాదు, అది మీ అదృష్టం. చాలా పాత ఇళ్లలో దొరికే పాయింట్ 38 వెబ్లీ రివాల్వర్ అయితే సైన్యం, పోలీసులు వాడే సర్వీసు తూటా పేల్చగలదు కాబట్టి నిషిద్ధ కోవలోకి వెళ్తుంది, ఆ ఫైలు ఢిల్లీలోని హోం శాఖ దాకా పోవాలి. లైసెన్సు పుస్తకంలో బోరు ఏమని ఉందో, సిలిండర్ దగ్గరో గొట్టం మీదో ఏమని చెక్కి ఉందో డీలర్ చేత ఒకసారి సరిచూపించండి.

దరఖాస్తు మీరు నివసించే చోటే చేయాలి. హైదరాబాద్‌లో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టరు, జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో ఇస్తారు. జాతీయ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో ఎ-1 ఫారం నింపి, ఆ ప్రింటుతో కాగితాలు ఇవ్వాలి: గుర్తింపు, నివాస రుజువులు, ఫొటోలు, మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం (మీసేవలో దొరుకుతుంది), నాన్నగారి అసలు లైసెన్సు, జమ రసీదు, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు, శరీర, మానసిక ఆరోగ్యం బాగుందనీ మత్తు పదార్థాల అలవాటు లేదనీ వైద్యుడి సర్టిఫికెట్, ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసిన సర్టిఫికెట్, సురక్షితంగా దాచుతానన్న హామీ పత్రం. వయసు 21 నిండాలి.

వీటిలో ఎక్కువమంది దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి తమ్ముడి అఫిడవిట్. వాట్సాప్‌లో పంపిన సంతకం చెల్లదు, అక్కడి మామూలు నోటరీ ముద్రని కూడా ఇక్కడ తిప్పి పంపేస్తుంటారు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధృవీకరించి అసలు ప్రతిని పోస్టులో పంపమనండి. అందులో రెండు ఆయుధాల నంబర్లూ ఉండాలి, మీ పేరున లైసెన్సుకి అభ్యంతరం లేదని స్పష్టంగా ఉండాలి. వట్టి "మా అక్క ఇష్టం" అన్నది కుదరదు. రెండోది శిక్షణ. వైద్య సర్టిఫికెట్‌లా ఒక పూటలో వచ్చేది కాదు. గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గరో రైఫిల్ క్లబ్బులోనో చేరి, తుపాకీ పట్టుకోవడం, తూటా ఎక్కించడం, దించడం, పేల్చడం, శుభ్రం చేయడం, దాచడం, చట్టంలోని ముఖ్యాంశాలు నేర్చుకోవాలి. దరఖాస్తు పెట్టాక మొదలుపెడితే ఫైలు అక్కడ ఆగుతుంది. ఇప్పుడే చేరిపోండి. ఆ నాలుగు తరగతులు అయ్యాక ఇది నాకొద్దు అనిపించినా లాభమే.

పోలీసులు మీ ఇంటికీ వస్తారు, ఊళ్లోనూ విచారిస్తారు. పశ్చిమ గోదావరి కలెక్టరేట్ నుంచి పాత లైసెన్సు నిజమేనని ధృవీకరణ రావాలి, ఆలస్యం ఎక్కువగా జరిగేది అక్కడే. పోలీసు నివేదికకి నిబంధనల్లో 30 రోజుల గడువు పెట్టారు. ఆచరణలో అది దాటుతుంది, కాబట్టి నెల తిరిగాక ఫైలు నంబరుతో వెళ్లి అడగండి. మీ మీదగానీ మీ ఇంట్లోగానీ ఏదైనా కేసు ఉంటే, కొట్టేసినదైనా సరే, ఫారంలో రాసేయండి. రాజీ అయిపోయిన పాత గొడవ లైసెన్సుకి అడ్డు కాకపోవచ్చు. దాచిపెట్టిన సంగతి తర్వాత బయటపడితే మాత్రం సెక్షన్ 17 కింద లైసెన్సు రద్దు చేయడానికి అదొక్కటే చాలు. నిరాకరిస్తే కారణాలు రాసి ఉంచాలి, మీరు అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి. సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది, దానికి 30 రోజులే గడువు. అందుకని నిరాకరణ కాగితం చేతికొచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. ఆస్తి తక్కువన్న కారణంతో మాత్రం నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది.

లైసెన్సు వస్తే ఐదేళ్లకి చెల్లుతుంది. ఒక మనిషికి రెండు ఆయుధాలు మించకూడదు, 2019కి ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినా ఇదే లెక్క. కాబట్టి సూత్రప్రాయంగా మీరు రెండూ తీసుకోవచ్చు. కానీ రివాల్వర్ వదిలేయమనే మా సలహా. డబుల్ బ్యారెల్‌ని గోడకి బిగించిన ఉక్కు పెట్టెలో, గొట్టాలు విడదీసి, తూటాలు వేరే తాళంలో పెట్టి జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. రివాల్వర్ అలా ఉండదు. చిన్నది, దిండు కిందకి చేరుతుంది, కోపంలోనో దిగులులోనో చేతికి అందుతుంది. తుపాకీ ఉన్న ఇళ్లలో ఆత్మహత్య మరణాలు ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ చెప్పాయి, అందులోనూ పిస్తోలు, రివాల్వర్ వంటివాటితోనే ఎక్కువ. భర్తని పోగొట్టుకుని ఒంటరిగా ఉన్న అమ్మగారి ఇంట్లో అది ఇన్నాళ్లు ఉండటమే మాకు నచ్చని విషయం. జమ చేసే పని ఈ వారంలోనే పెట్టుకోమనడానికి చట్టం కంటే ఇదే పెద్ద కారణం.

రివాల్వర్ అమ్మాలంటే తమ్ముడు చెప్పిన స్టాంపు పేపర్ దారి మాత్రం కాదు. అప్పటిదాకా అది జమలోనే ఉండాలి. కొనేవాడికి అదే రకం ఆయుధం కొనే అనుమతి ఉన్న లైసెన్సు ఉండాలి. అతని పేరు, చిరునామాతో అమ్మాలనుకుంటున్నట్టు జిల్లా మెజిస్ట్రేట్‌కి లేదా స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాకే ఇవ్వాలని సెక్షన్ 5 చెబుతుంది. వారసులుగా మీరు అమ్ముతున్నారు కాబట్టి లైసెన్సింగ్ అధికారి అనుమతి కాగితం కూడా చేతిలో ఉండాలి. డీలర్ ద్వారా వెళ్తే ఈ రాతకోతలన్నీ అతనే చూసుకుంటాడు. ధర కొంచెం తక్కువ పలుకుతుంది, ఆ తేడాని చూసి వెనకాడొద్దు. స్టాంపు పేపర్ మీద అమ్మిన తుపాకీ రేపు ఎక్కడైనా పేలితే నంబరు పట్టుకుని పోలీసులు వచ్చేది నాన్నగారి ఇంటికే.

అటక మీది నాటు తుపాకీ విడిగా చూడాల్సిన వ్యవహారం. ఎంత పాతదైనా, తుప్పు పట్టినా, దానికి లైసెన్సు అక్కర్లేదని మీకు మీరే తేల్చుకోకండి. వాడుకలో లేని పాత రకం ఆయుధానికి సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ అది బాగుచేసినా, చేయకపోయినా ఇక పేలే వీలు లేనిదై ఉండాలి. గొట్టం నిలువుగా పగిలిపోయిందా, నిప్పు అందే రంధ్రం పూడిపోయిందా, చెక్క మాత్రమే పోయిందా అన్నది ఆయుధాల నిపుణుడు చెప్పాల్సిన మాట. చెక్క లేకపోవడం మినహాయింపు కాదు, కొత్తది బిగిస్తే పనిచేస్తుంది. అందులో తుపాకీ మందు ఇంకా కూరి ఉండొచ్చు కూడా. నాటు తుపాకీకి మడత ఉండదు కాబట్టి లోపల ఏముందో బయటికి కనిపించదు. దాన్ని దులపడం, గోడకి తగిలించడం, కాలువలో పడేయడం వద్దు. ముందు క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని కలిసి, ఎప్పుడు ఎలా దొరికిందో ఉన్నదున్నట్టు రాయించి, ఆయన సమక్షంలో స్టేషన్‌కి అప్పగించండి. వీలైతే మిగతా రెండింటితో ఒకే రోజు, కానీ వేరే ఉత్తరంతో. దాన్ని నాన్నగారి లైసెన్సులోకి ఎలాగోలా ఇరికించే ప్రయత్నం, అంటే నంబరు చెక్కించడం వంటివి, ఎవరు సలహా ఇచ్చినా చేయకండి.

పందుల గురించి: నాన్నగారి లైసెన్సు ఆత్మరక్షణకి ఇచ్చినదైతే ఆయన ఉన్నప్పుడు కూడా దాంతో పందిని కొట్టే అనుమతి లేదు. అడవి పందికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పంట కోసం కాల్చాలంటే అటవీ శాఖ నుంచి విడిగా ఉత్తర్వు ఉండాలి. తోట చుట్టూ కంచె, సౌర విద్యుత్ తీగ వంటివి చూడండి. నేరుగా కరెంటు తీగ లాగడం మాత్రం మనుషుల్ని కూడా చంపుతుంది.

ఇది చదువుతున్న మిగతావారికి ఒక మాట. లైసెన్సుదారు బతికుండగానే, వయసు 70 నిండినా, ఆ ఆయుధం దగ్గర పెట్టుకుని 25 ఏళ్లు అయినా, ఏది ముందైతే అప్పుడు, తన వారసుల్లో ఒకరిని సూచించి లైసెన్సు మార్పించే వీలు అదే 25వ నిబంధనలో ఉంది. నాన్నగారో తాతగారో ఆ వయసులో ఉంటే, అన్నదమ్ముల సంతకాలన్నీ ఒకే ఇంట్లో దొరికే పండగ రోజుల్లో ఆ ఫారం నింపేయడం తేలిక. వారసుల్లో ఎవరికీ వద్దనుకుంటే, ఆయనే స్వయంగా డీలర్‌కి అమ్మి, పుస్తకంలో ఆ నమోదు కొట్టేయించి, లైసెన్సు వెనక్కి ఇచ్చేయవచ్చు. రద్దయినట్టు కలెక్టరేట్ ఇచ్చే కాగితాన్ని ఇంటి దస్తావేజులతోపాటు పెట్టుకోవాలి.